లెక్కలో ఎవరూ జారిపోకూడదన్న కాడ్

హుఫూఫ్ చుట్టుపక్కల క్యాంపుల్లో ఉండే మనవాళ్లకు నెలాఖరు వచ్చిందంటే ఒకటే ధ్యాస. జీతం పడిందా, లేదా? సౌదీలో 2013 నుంచి వేతన రక్షణ విధానం దశలవారీగా అమల్లోకి వచ్చాక జీతాలు బ్యాంకు ద్వారా పడాలి, ఆ వివరాలు కంప్యూటర్‌లో కనపడాలి. అంటే మన కష్టం ఇప్పుడు జాబితాల చేతిలో ఉంది. ఆ జాబితాలను కలిపే శాస్త్రానికి పునాది వేసిన మనిషి ఎడ్గార్ కాడ్. ఆయన గురించి మనం కొంచెం తెలుసుకుందాం.

కాడ్ 1923 ఆగస్టు 19న ఇంగ్లండ్‌లో, సముద్రం ఒడ్డున ఉన్న పోర్ట్‌లాండ్‌లో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో ఆఖరివాడు. తల్లి బడిపంతులమ్మ. ఆక్స్‌ఫర్డ్‌లో గణితం, రసాయనశాస్త్రం చదివారు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో విమానాలు నడిపారు. 1948లో పని వెతుక్కుంటూ అమెరికా వెళ్లి, ఐబీఎం కంపెనీలో చేరారు. మనలాగే ఆయనా దేశం దాటినవాడే. సెనేటర్ మెకార్థీ వేధింపుల రాజకీయం నచ్చక 1953లో కెనడా వెళ్లిపోయారు. 1957లో తిరిగొచ్చారు. నలభై ఏళ్లు దగ్గర పడ్డాక మళ్లీ విద్యార్థిగా మిషిగన్ విశ్వవిద్యాలయంలో కూర్చుని డాక్టరేటు తెచ్చుకున్నారు.

అప్పట్లో కంప్యూటర్‌లో దాచిన సమాచారం చెట్టుకొమ్మల్లా అల్లుకుపోయి ఉండేది. ఏ కొమ్మ పట్టుకుని ఎక్కాలో తెలిసిన ప్రోగ్రామరే దాన్ని బయటికి తీయగలడు. కాడ్ 1970లో ఒక పరిశోధన పత్రం రాశారు. సమాచారమంతా మామూలు పట్టికల్లో పెట్టండి, రెండు పట్టికల్లోనూ ఉన్న ఒకే విలువను బట్టి వాటిని కలపండి. చెప్పింది ఇంతే. కానీ ఐబీఎం వెంటనే కదల్లేదు. దాని పాత పద్ధతి సరుకు బాగానే అమ్ముడుపోతోంది మరి! ఈలోగా ఆ పత్రాలు చదివిన వేరేవాళ్లు 1979లో ఒరాకిల్‌ను బజారులోకి తెచ్చేశారు. ఐబీఎం సరుకు 1981లో గానీ రాలేదు. అదే ఏడాది కాడ్‌కు కంప్యూటర్ రంగంలో నోబెల్‌లాంటి ట్యూరింగ్ అవార్డు దక్కింది.

మనకు కావలసిన సంగతి 1979లో ఆయన రాసిన ఇంకో పత్రంలో ఉంది. ఒక లెక్క చూద్దాం. క్యాంపు జాబితాలో 40 మంది. జీతాల జాబితాలో 39 మంది. రెండిట్లోనూ ఉన్నవాళ్లు 37 మంది. మామూలుగా కలిపితే 37 వరుసలే వస్తాయి. కాగితం శుభ్రంగా ఉంటుంది, తప్పేమీ కనపడదు. కానీ జీతం లేని ముగ్గురు మాయమైపోయారు! దీనికి మందే అవుటర్ జాయిన్. క్యాంపు జాబితాను ఎడమపక్క పెట్టి కలిపితే 40 మందీ ఉంటారు, ఆ ముగ్గురి ఎదుట జీతం గడి ఖాళీగా కనపడుతుంది. రెండువైపులా కలిపితే 42 వరుసలు. జీతం పడుతున్నా క్యాంపులో లేని ఇద్దరూ బయటపడతారు.

ఆ ఖాళీ గడి విషయంలో కాడ్ చాలా పట్టుగా ఉండేవారు. ఖాళీ అంటే సున్నా కాదు. సున్నా అంటే లెక్క తేలింది, ఏమీ లేదు అని. ఖాళీ అంటే ఇంకా తెలియదు, అడగాలి అని. ఈ కలిపే పద్ధతిని 1992 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో చేర్చారు.

మరి జాబితాలు ఎందుకు కలవవు? మన పేర్ల సంగతి చూడండి. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక. ఒకచోట పొడి అక్షరాలు, ఇంకోచోట పూర్తి పేరు. అరబీలో 'ప' అక్షరం లేదు, కాబట్టి ప్రసాద్ కాస్తా బ్రసాద్ అయిపోతాడు. మనిషికి తేడా తెలుస్తుంది, కంప్యూటర్‌కు తెలియదు. అందుకే పేరుతో కాకుండా పది అంకెల అకామా నంబరుతో కలపాలి.

కాడ్ 2003 ఏప్రిల్ 18న ఫ్లోరిడాలో, 79వ ఏట కన్నుమూశారు. మనలో టైంకీపర్లు, ఆఫీసు గుమాస్తాలు ఎందరో ఉన్నారు. ఎక్సెల్‌లో వీలుకప్ వేసినప్పుడు ఎన్‌ఏ అని వచ్చిన వరుసను చెరిపేయకండి. అది చెత్త కాదు. ఆ వరుస వెనక ఇంటికి డబ్బు పంపలేక దిగులుపడుతున్న మనవాడు ఒకడు ఉండొచ్చు. ముందు అతణ్ని పిలిచి అడగండి.