వి.వి. గిరి: రాయబారిగా, రాష్ట్రపతిగా

హౌరా నుంచి ఖరగ్‌పూర్ వైపు బయలుదేరిన లోకల్ రైలు మొదట ఆగే స్టేషను టికియాపారా. ఈ దారి ఒకప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వేది. వాల్తేరు దాకా సాగిన ఆ రైల్వేలో తెలుగు కార్మికులు ఎందరో పనిచేసేవారు. వారి యూనియన్‌ను నడిపి, 1927 ఖరగ్‌పూర్ సమ్మెలో ముందు నిలిచినవారు వరాహగిరి వెంకటగిరి. 1894లో బరంపురంలో జన్మించిన గిరి ఐర్లాండులో న్యాయశాస్త్రం చదివారు, మద్రాసు రాష్ట్రంలో కార్మిక మంత్రిగా పనిచేశారు.

కార్మిక నాయకునిగా ఆయన మీకు తెలిసే ఉంటారు. మన దేశ విదేశాంగ విధానాన్ని ఎవరు నిర్ణయిస్తారు, ఎవరు అమలు చేస్తారు అనే విషయం కూడా ఆయన జీవితంలో చక్కగా కనిపిస్తుంది.

1947లో గిరి సిలోన్‌కు, అంటే నేటి శ్రీలంకకు, హైకమిషనర్‌గా వెళ్లారు. కామన్వెల్త్ దేశాలు ఒకదానికొకటి పంపుకొనే రాయబారిని అలా పిలుస్తారు. అక్కడ భారత సంతతివారు 7 లక్షలకు పైగా ఉండేవారు. వారిలో ఎక్కువమంది తేయాకు, రబ్బరు తోటల్లో పనిచేసే తమిళ కుటుంబాలవారు. 1948లో సిలోన్ చేసిన పౌరసత్వ చట్టంతో వారిలో చాలామంది ఏ దేశానికీ పౌరులు కాకుండా పోయారు. యూనియన్ నాయకుడైతే గిరి సమ్మెకు పిలుపు ఇచ్చేవారేమో! రాయబారికి ఆ వీలు లేదు. ఉన్న పరిస్థితిని ఢిల్లీకి నివేదించాలి, సలహా చెప్పాలి, వచ్చిన ఆదేశం ప్రకారమే మాట్లాడాలి. నిర్ణయం ప్రధాని నెహ్రూది. విదేశాంగ శాఖ కూడా ఆయన చేతిలోనే ఉండేది. నెహ్రూ, సిలోన్ ప్రధాని సేననాయకే చర్చించుకున్నా విషయం తెగలేదు. 1951లో గిరి తిరిగి వచ్చేసరికి సమస్య అలాగే ఉంది.

అప్పటికి మన రాజ్యాంగం అమలులోకి వచ్చింది. అది విదేశీ వ్యవహారాలను కేంద్ర జాబితాలో చేర్చింది. ఇతర దేశాలతో ఒప్పందం చేసుకునేది కేంద్ర మంత్రిమండలి. దాని అమలుకు చట్టం అవసరమైతే 253వ అధికరణ ప్రకారం పార్లమెంటు చేస్తుంది. అంతా జరిగేది మాత్రం రాష్ట్రపతి పేరు మీద.

1969లో ఆ రాష్ట్రపతి గిరి అయ్యారు. విదేశీ రాయబారులు తమ నియామక పత్రాలు ఆయనకే అందించేవారు. కాని 1971 ఆగస్టులో సోవియట్ యూనియన్‌తో మైత్రీ ఒప్పందంపై సంతకం చేసింది విదేశాంగ మంత్రి స్వరణ్ సింగ్. ఆ డిసెంబరు 3న పాకిస్తాన్ దాడి చేసినప్పుడు గిరి అత్యవసర పరిస్థితి ప్రకటించారు. అదీ మంత్రిమండలి సలహా మీదనే. అన్నిటికీ తలూపే రాష్ట్రపతి అని కొందరు ఆయనను విమర్శించారు. విదేశీ వ్యవహారాల వరకు ఈ విమర్శ న్యాయం కాదు. రాజ్యాంగం ఆయనకు ఇచ్చిన స్థానమే అది.

సిలోన్ సమస్య మళ్లీ ఎదురైంది. 1964లో శాస్త్రి, సిరిమావో బండారునాయకే ఒప్పందం ప్రకారం 9,75,000 మందిలో 5,25,000 మందిని భారత్, 3,00,000 మందిని సిలోన్ తీసుకోవాలి. మిగిలిన 1,50,000 మంది సంగతి తేలలేదు. 1974 జనవరిలో ఇందిరాగాంధీ, సిరిమావో వారిని చెరి సగం పంచుకున్నారు. అప్పటి రాష్ట్రపతి గిరి. తిరిగి వచ్చినవారికి ఇల్లు, పని చూపే భారం ఎక్కువగా తమిళనాడు మీద, కొంత ఆంధ్రప్రదేశ్ మీద పడింది. ఒప్పందంలో ఈ రాష్ట్రాల సంతకం లేదు. 1980లో గిరి మరణించేనాటికి ఆ తోటల కుటుంబాలు రామేశ్వరంలో ఓడ దిగుతూనే ఉన్నాయి.