గ్రేసు హాపరుగారు

మన కడపలో బ్రౌనుదొరగారు పండితులకు సొంతసొమ్ము జీతములిచ్చి గ్రంథములను ఎత్తివ్రాయించిన సంగతి మా విద్యార్థులెఱిగినదే. వ్రాయసకాని చేతిలో అక్షరము తప్పుటయు, పలుప్రతులతో పోల్చి దానిని దిద్దించుటయు ఆయనకు నిత్యమగు చిక్కులు. నూఱేండ్లకు పైబడిన పిదప అట్టి చిక్కే అమెరికాలో గణనయంత్రములకడ పుట్టెను. దానిని తీర్చినవారిలో ముఖ్యురాలగు గ్రేసు హాపరుగారి చరిత్రమును ఇచట వ్రాయుచున్నాము.

ఈమె 1906 డిసెంబరు 9వ తేదీన న్యూయార్కు నగరమున జన్మించిరి. ఏడేండ్ల ప్రాయమున ఇంటి గడియారములను ఒకదానివెంట నొకటి విప్పివేసిరట. వాసరు కళాశాలలో ఉపాధ్యాయినిగానుండియే 1934లో యేలు విశ్వవిద్యాలయమున గణితమునందు డాక్టరు పట్టమందిరి. యుద్ధకాలమున నౌకాదళమున చేరి, 1944లో హార్వర్డునందలి మార్కు-1 యంత్రముకడ నియమింపబడిరి.

ఆ దినములలో యంత్రమునకిచ్చు ఆజ్ఞలన్నియు సంఖ్యలే. ఒకరు సిద్ధపఱచిన ఆజ్ఞలవరుసను మఱియొకరు నోటుపుస్తకమునుండి ఎత్తివ్రాసికొని, స్థానసంఖ్యలను మరల కూడుకొనవలసి యుండెను. ఎత్తివ్రాతలో తప్పులు, కూడికలో తప్పులు. ఈ చాకిరిని యంత్రముచేతనే చేయింపరాదాయని తలంచి, హాపరుగారు 1952లో ఏ-0 అను కంపైలరును సిద్ధపఱచిరి. టేపుమీద నిలువయుంచిన ఆజ్ఞలవరుసలను పిలిచి, తప్పులేక కూర్చుట దాని పని. పిమ్మట ఆంగ్లపదములతో ఆజ్ఞలు వ్రాయుటకు ఫ్లో-మాటికు భాషను నిర్మించిరి. పలువురు కూడి 1959-60లో ఏర్పఱచిన కోబాలు భాషకు అది ఆధారమయ్యెను.

అయినను ఒక్కొక్క యంత్రవర్తకుడు తన కంపైలరులో సొంతపోకడలు చేర్చుచుండెను. వాటిని నమ్మి వ్రాసిన ప్రోగ్రాము ఆ యంత్రమునకే కట్టుబడును. యంత్రము పాతబడినచో ఏండ్ల శ్రమ వ్యర్థము. 1967లో, పదవీవిరమణమై యేడాది తిరుగకమునుపే, నౌకాదళము ఈమెను మరల పిలిపించెను. కంపైలరు ప్రమాణమును పాటించునో లేదో తేల్చు పరీక్షాప్రోగ్రాములు ఈమె పర్యవేక్షణమున సిద్ధమయ్యెను. వర్తకుని మాటను కాక పరీక్షను చూచి కంపైలరు నెన్నుకొనుటకు వీలు కలిగెను. 1947లో యంత్రమున చిక్కిన చిమ్మట కథయే లోకమున ప్రసిద్ధము గాని, మాకు ఈ పనియే ఘనముగా తోచుచున్నది. నేడు యూనిక్సు యంత్రమునకు జీసీసీ మేలా, క్లాంగు మేలాయని వాదించువారిలో, ప్రమాణమును మొదట అడుగువారు ఈమె బాట పట్టినవారే.

1986లో రియరు అడ్మిరలు హోదాతో విరమించి, 1992 జనవరి 1న కన్నుమూసిరి. ఉపన్యాసములలో ఈమె ఇంచుమించు అడుగు పొడవుగల తీగముక్కలను పంచెడివారు. సెకనులో నూఱుకోట్లవ వంతున విద్యుత్తు పోగల దూరమంతియేనని చూపుటకు. అట్టి తీగలకట్ట యొకటి వాషింగ్టనునందలి స్మిత్సోనియను ప్రదర్శనశాలలో నున్నది.