ఓటుపెట్టెకు కాపలా

ఎన్నికల నైర్మల్యము శాసనములవలన మాత్రమే సిద్ధించునని తలంచువారు ఫిలిప్పీను దేశాధ్యక్షుడుగా నుండిన రామన్ మెగసెసే జీవితమును పరిశీలింపవలయునని మేము కోరుచున్నాము. ఆయన పేరిట నెలకొల్పబడిన బహుమానమును మనలో ననేకు లెఱుగుదురు. ఆయన చేసిన పనిని ఎఱిగినవారు కొలదిమంది.

మెగసెసే 1907 ఆగస్టు 31వ తేదీన లూజాన్ ద్వీపమందలి జాంబలెస్ రాష్ట్రమున, ఇబా పట్టణములో జన్మించెను. తండ్రి కమ్మరము నెఱిగినవాడు. కుమారుడు బస్సు కంపెనీలో మెకానిక్కుగా జేరి, క్రమముగా శాఖామేనేజరయ్యెను. జపానువారి యాక్రమణకాలమున గెరిల్లా దళములను నడపెను. 1946లో ప్రతినిధుల సభకు ఎన్నికై, 1950 సెప్టెంబరులో రక్షణమంత్రి యయ్యెను.

నాటి దేశస్థితి భయంకరము. మధ్య లూజానులో పంటలో సగము భూస్వామికి కొలిచి, మిగిలినదానిలో అప్పులు తీర్చుకొను కౌలుదారులు హుక్ తిరుగుబాటుదారులలో జేరుచుండిరి. 1949 అధ్యక్ష ఎన్నికలలో మృతుల పేర్లమీద గూడ ఓట్లు పడినవని జనులు చెప్పుకొనిరి. ఓటువలన ప్రయోజనము లేదని నమ్మిన రైతు తుపాకిని నమ్మెను. ఈ రెండింటికిని గల సంబంధమును మెగసెసే గ్రహించెను.

1951 నవంబరులో సెనేటుకును, స్థానిక పదవులకును ఎన్నికలు వచ్చెను. ఆ యేడే స్వేచ్ఛాయుత ఎన్నికల కొఱకు నామ్‌ఫ్రెల్ అను పౌరసంఘ మేర్పడెను. యువకుల జేసీ సంఘములు, మాజీ సైనికులు, మహిళాసంఘములు అందు జేరి ఓటర్లకు బోధించుటకును, పోలింగును కనిపెట్టి యుండుటకును పూనుకొనిరి. ఎన్నికల కమిషను కోరికపై మెగసెసే సైనికులను, వారితోపాటు సైనికశిక్షణ పొందుచున్న విద్యార్థులను పోలింగు కేంద్రములకు పంపెను. ఊరిపెద్దకు జడియని బాలురు ఓటుపెట్టెకు కావలి గాసిరి.

ఫలిత మేమి? సెనేటు స్థానములన్నియు ప్రతిపక్షమునకు దక్కెను. మెగసెసే నాడు పాలకపక్షమువాడే. తన పక్షము నోడించిన యెన్నికను తానే కాపాడెను. ఆయన జీవితమున మే మన్నిటికంటె గొప్పదిగా నెంచునది యిదియే.

అయితే చెఱకుతోటల రాష్ట్రమగు పశ్చిమ నీగ్రోసులో గవర్నరు లాక్సనుకు సొంత సాయుధబలము గలదు. మగల్లాన్ పట్టణ మేయరు పదవికి ఆయన యభ్యర్థిపై పోటీచేసిన మోయిసెస్ పడీలియాను ఎన్నిక ముగిసినపిదప ఆ బలగము పట్టి, చిత్రహింసలుపెట్టి చంపెను. మెగసెసే స్వయముగ బోయి ఆ శవమును తన చేతులమీద మోసెను. గవర్నరుపై హత్యాభియోగము నడచి, 1954లో నేరము ఋజువై శిక్షపడెను. ఎన్నికనాటి కాపలా మఱునాటికి తొలగినచో నేమి యగునో ఈ యుదంతము చెప్పుచున్నది.

1953లో మెగసెసే వందకు దాదాపు 69 ఓట్లతో అధ్యక్షుడయ్యెను. ఆయన గెలుపు వెనుకను, నామ్‌ఫ్రెల్ వెనుకను అమెరికా గూఢచారిశాఖవారి సహాయము గలదనుట చరిత్ర. స్వరాజ్యాభిమానులమగు మేము దీనిని దాచము. పరుల ధనముతో పెరిగిన సంఘము పరుల మాటకు లోబడు ప్రమాద మెప్పుడును గలదు. ఆయన తెచ్చిన 1955 భూసంస్కరణ చట్టమును శాసనసభలోని భూస్వాములు నీరుగార్చిరి. 1957 మార్చి 17న సెబూ ద్వీపమున విమానము కొండకు ఢీకొని ఆయన మరణించెను. 1958లో ఆయన పేరి తొలి బహుమానములలో నొకటి వినోబా భావేకు లభించెను. పడీలియా హతుడైన 1951లోనే, ఏప్రిలునెలలో, తెలంగాణమందలి పోచంపల్లిలో వినోబా భూదానయజ్ఞ మారంభించెను. నామ్‌ఫ్రెల్ పేరు 1983లో మరల బ్రదికెను. 1986 ఎన్నికలో ప్రభుత్వపు లెక్కకు ప్రక్కగా తన లెక్క తానే వేసి అక్రమములను బయలుపఱచెను.

మన పల్లెలలో యువజనసంఘములకు కొదువలేదు. అవి నాయకుల రాకకు తోరణములు కట్టుటతో తృప్తినొందరాదు. సొంత చందాలతో నిలిచి, సొంత యూరు విడిచి పొరుగూరి పోలింగును కనిపెట్టవలయును; తమ పక్ష మోడినను లెక్క సరియైనదని సంతోషింపవలయును. భూవసతి గల పెద్దలు తమ పొలములో పనిచేయువాని శ్రమకు కూలి యిచ్చుచున్నారు. వాని ఓటునకు గాదు. ఓటు వడినపిదప వానికి కీడు రాకుండ జూచుట గూడ వారి ధర్మమని మేము మనవిచేయుచున్నాము.