సర్ హంఫ్రీ డేవీ

మా బోరబండలో బోరునీటిని గీజరులలో కాచుకొను గృహములు పెక్కు గలవు. అట్టి గీజరును విప్పి చూచినవారికి రెండు కీడులు కానవచ్చును. హీటరు కాయిలుమీద తెల్లని గార పెచ్చుగట్టియుండును. ఇనుప తొట్టి లోపలి పూత చెడినచోట త్రుప్పు పట్టియుండును. అనేక గీజరులలో ఈ రెంటితోపాటు సన్నని మెగ్నీషియము కడ్డీ యొకటి వ్రేలాడుచుండును. పనివారు దానిని ఆనోడు రాడ్డందురు. అది తాను కరగిపోవుచు తొట్టిని కాపాడును. ఈ గారకు మూలమైన లోహములను మొదట వేఱుచేసినవాడును, ఒక లోహము నర్పించి వేఱొక లోహమును కాపాడు ఉపాయమును కనిపెట్టినవాడును ఒక్కడే. ఆయన చరిత్రమును మా విద్యార్థులకు సంగ్రహముగా తెలుపుచున్నాము.

హంఫ్రీ డేవీ 1778వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన ఇంగ్లండు నైరృతి కొనయందలి పెన్‌జాన్సు పట్టణమున జన్మించెను. తండ్రి కొయ్యచెక్కడపు పనివాడు. ఆయన 1794లో అప్పులు మిగిల్చి మరణించెను. మఱుసటి యేట డేవీ యొక వైద్యునియొద్ద పనినేర్చుకొనుటకు చేరి, తీరిక దొరకినపుడెల్ల రసాయనశాస్త్రమును తనంతట తానే యభ్యసించెను. 1798లో బ్రిస్టలు నగరమునకు బోయి వాయువులను పరీక్షించెను. 1801లో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనున ఉద్యోగము లభించెను. అచ్చట ఆయన యుపన్యాసములను వినుటకు జనులు క్రిక్కిఱిసి వచ్చుచుండిరి.

వోల్టా విద్యుద్ఘటమును నిర్మించి యప్పటికి కొన్నియేండ్లే యయ్యెను. డేవీ ఆ విద్యుచ్ఛక్తిచే పదార్థములను విడదీసి, 1807లో పొటాషియము, సోడియములను, 1808లో కాల్షియము, మెగ్నీషియములను వేఱుచేసెను. మన బోరునీటిని కఠినజలముగా జేయునవి ఈ కడపటి రెండే. నీరు కాగినపుడు అందు కరగియున్న కాల్షియము సుద్దవంటి పదార్థమై కాయిలుకు అంటుకొనును. 1815లో ఆయన గనులలో పనిచేయువారికొఱకు రక్షణదీపమును నిర్మించి, దానికి పేటెంటు గోరక లోకమునకు విడిచెను. 1820లో రాయల్ సొసైటీకి అధ్యక్షుడయ్యెను.

ఆ కాలమున ఇంగ్లండు యుద్ధనౌకలు కొయ్యతో జేయబడి, అడుగున రాగిరేకులు తాపబడియుండెను. ఉప్పునీరు ఆ రేకులను తినివేయుచుండెను. నౌకాశాఖవారు దీనికి పరిహారమును గోరగా, డేవీ 1824లో తన యుపాయమును ప్రకటించెను. రెండు లోహములు ఒండొంటిని తాకుచు ఉప్పునీటిలో నున్నయెడల, త్వరగా కరగు స్వభావముగలది నశించి రెండవదానిని కాపాడును. రాగి వైశాల్యములో 150వ వంతు యశదముగాని ఇనుముగాని తాకించిన చాలును, రాగి చెడదని ఆయన పరీక్షించి చూపెను.

నౌకలు సముద్రమునకు బోయి తిరిగివచ్చెను. రాగి చెక్కుచెదరలేదు. కాని దానినిండ నాచును గుల్లలును పెరిగి నౌకల వేగము తగ్గెను. కారణమేమనగా, అంతకుముందు రాగి కొంచెము కొంచెముగా కరగుచు తన విషముచేత ఆ జీవులను దూరము చేయుచుండెను. రాగిని కాపాడుటతో ఆ మేలు తొలగెను. 1825లో సముద్రయానము చేయు నౌకలనుండి ఆ లోహపుముక్కలను తీసివేయుటకు ఉత్తరువయ్యెను. డేవీ అపహాస్యమునకు గుఱియై మిక్కిలి నొచ్చుకొనెను. ఆరోగ్యము చెడగా 1827లో అధ్యక్షపదవిని విడిచి, 1829 మే 29వ తేదీన జెనీవాలో ఏబదియవ యేట మరణించెను.

ఆయన మరణించెనుగాని ఆ ధర్మము నిలిచెను. తరువాతి కాలమున ఇనుప నౌకలకును, భూమిలో పాతిన గొట్టములకును, మన గీజరులకును, చక్రములమీది ప్రయాణపు ఇండ్లలోని వేడినీటి తొట్లకును అదియే రక్షయైనది. డేవీ నియమము తప్పుకాదు. రాగి కరగుటవలన నౌకకు గలుగుచుండిన మేలును ముందుగా విచారింపకపోవుటయే లోపము. ఒక కీడును మాన్పునపుడు, దానివెంట పోవునదేమో కూడ అడుగవలెనని ఈ చరిత్రము మనకు బోధించుచున్నది.

ఇంటిలోను ఇట్టి వివేకమే కావలెను. కడ్డీ త్రుప్పును ఆపునుగాని గారను ఆపదు. కావున నీటిని 60 డిగ్రీలకు మించి కాచకుండుట మేలు; వేడి హెచ్చినకొలది గార హెచ్చును. ఏటికొకసారి విద్యుత్తును పూర్తిగా నిలిపి, పని తెలిసినవానిచేత గారను తీయించి, కడ్డీని చూపింపవలెను. అది తీగవలె సన్నగిల్లినచో క్రొత్తది వేయింపవలెను. కరగిపోయిన కడ్డీని చూచి పనికిమాలినదని విద్యార్థులు తలంపరాదు. అది తన పనిని నెఱవేర్చినది.