మన విజ్జీ: పులుల వేట, పొట్టి తుపాకీ, ముప్పై మూడు పరుగులు

విజయనగరంలో విజ్జీ స్టేడియం అంటే ఆటో అన్న ఇంకో మాట అడక్కుండా తీసుకెళ్లిపోతాడు. కానీ ఆ విజ్జీ ఎవరు అంటే మనలో చాలామందికి తెలిసింది ఒక్క లైనే: ఇండియా టీమ్‌కి కెప్టెన్ చేసిన మన రాజుగారు. కొంచెం క్రికెట్ చదివేవాళ్లకి రెండో లైన్ కూడా తెలుసు: ఇండియాకి దొరికిన అతి వీక్ కెప్టెన్లలో ఒకరు. ఆయన లైఫ్‌లో మూడో లైన్ ఒకటుంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అది తుపాకీ. గేమ్స్ పుణ్యమా అని నాకు తుపాకుల మెకానిజం గురించి చదవడం అలవాటైంది. అందుకే ఆయన కథని ఈసారి ఆ వైపు నుంచి చెబుతాను. నా ఉద్దేశంలో మొదటి రెండు లైన్లూ అర్థం కావాలంటే ఈ మూడోది చదవాలి.

అసలు పేరు పూసపాటి విజయానంద గజపతిరాజు. 1905 డిసెంబర్ 28న పుట్టారు. తండ్రి విజయరామ గజపతిరాజు. అన్నయ్య అలక్ నారాయణ గజపతిరాజు. మనందరికీ తెలిసిన పీవీజీ రాజు గారికి ఈయన స్వయానా చిన్నాన్న. చదువు అజ్మీర్‌లో రాజకుమారుల కోసం పెట్టిన మేయో కాలేజీలో, తర్వాత ఇంగ్లండ్‌లో హెయిలీబరీలో. అక్కడ టెన్నిస్ బాగా ఆడేవారు, తుపాకీ బాగా పట్టేవారు. క్రికెట్ పిచ్చి కూడా ఉంది గానీ అందులో టాలెంట్ అంతంతమాత్రమే.

1922లో తండ్రి పోయారు. సంస్థానం అన్నకి వచ్చింది. తమ్ముడికి కాశీలో ఉన్న విజయనగరం వారి ఎస్టేట్ వచ్చింది. అలా మన కోట వదిలి గంగ ఒడ్డుకి వెళ్లిపోయారు. ‘మహారాజు’ కాదు, ‘మహారాజకుమార్’. జీవితాంతం ఆ పేరే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. అదే 1922 ఆగస్టులో, మన వైపు ఏజెన్సీలోనే, అల్లూరి సీతారామరాజు మనుషులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు ఎత్తుకెళ్లారు. 1878 ఆయుధాల చట్టం ప్రకారం మామూలు భారతీయుడు లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోకూడదు. ఒకరికి తుపాకీ అంటే ప్రాణం పణంగా పెట్టి లాక్కోవాల్సిన వస్తువు. ఇంకొకరికి క్యాటలాగ్ చూసి ఆర్డర్ ఇచ్చే సరదా వస్తువు. రెండూ ఒకే ప్రాంతంలో, ఒకే ఏడాదిలో. విజ్జీ ఎలాంటి లోకంలో పెరిగారో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ఆ రోజుల్లో రాజుల వేట ఎలా ఉండేదంటే, ముందు మనుషులు డప్పులు కొడుతూ అడవిని ఒక వైపు నుంచి తోలుకొస్తారు. పులి అటునుంచి ఇటు రావాలి. రాజుగారు ఏనుగు మీద అంబారీలోనో, చెట్టు మీద కట్టిన మంచెలోనో కూర్చుని ఉంటారు. పక్కన ఒకడు రెండో తుపాకీ లోడ్ చేసి పట్టుకుని రెడీగా ఉంటాడు. రాజుగారు చేయాల్సిన పని చివరి రెండు సెకన్లదే.

ఆ రెండు సెకన్ల కోసమే తుపాకీ ఎంచుకోవాలి. అంబారీలో జాగా తక్కువ, మంచె మీద ఇంకా తక్కువ. పొడుగు తుపాకీ అయితే తిప్పేలోపు కొమ్మకి తగులుతుంది, పులి వెళ్లిపోతుంది. 19వ శతాబ్దంలో దీనికోసం ప్రత్యేకంగా పొట్టి, లావు గొట్టాల పిస్తోళ్లు చేశారు. వాటి పేరే హౌదా పిస్టల్, అంటే అంబారీ పిస్తోలు. గాయపడ్డ పులి ఏనుగు మీదకి ఎగబాకితే, మూరెడు దూరంలో పేల్చడానికి. తర్వాత రాజుల ఫేవరెట్ అయింది డబుల్ రైఫిల్. పక్కపక్కనే రెండు గొట్టాలు, రెండు ట్రిగ్గర్లు. ఒక తూటా తప్పితే వెంటనే రెండోది, మధ్యలో బోల్ట్ లాగే పని లేదు.

చాలామందికి తెలియని పాయింట్ ఒకటుంది. డబుల్ రైఫిల్‌కి గొట్టం వెనకాల బోల్ట్ వెనక్కీ ముందుకీ కదిలే పొడుగాటి పెట్టె ఉండదు. అందుకే గొట్టం పొడవు సమానమైనా, బోల్ట్ రైఫిల్ కంటే ఇది కొన్ని అంగుళాలు పొట్టిగా ఉంటుంది. పైగా గొట్టాలు ఊడదీసి, మడమ భాగం వేరుగా, గొట్టాలు వేరుగా ఒక చిన్న తోలు పెట్టెలో సర్దేయొచ్చు. ఇవాళ ఫోల్డింగ్ స్టాక్ అని మనం చెప్పుకునే సౌకర్యానికి ఇది తాత లాంటిది. చిక్కల్లా ధర దగ్గర. రెండు గొట్టాలూ ఒకే చోట కొట్టాలంటే పనివాడు కాల్చి చూస్తూ, సర్దుతూ, మళ్లీ కాలుస్తూ కూర్చోవాలి. హాలండ్ అండ్ హాలండ్, పర్డీ లాంటి లండన్ కంపెనీలకి మన రాజులు అంత మంచి కస్టమర్లు అయింది అందుకే.

అదే కాలంలో జిమ్ కార్బెట్‌ని చూడండి. 1907లో చంపావత్ నరభక్షకిని చంపినందుకు ఆయనకి బహుమతిగా వచ్చింది రిగ్బీ కంపెనీ పాయింట్ 275 బోల్ట్ రైఫిల్. చిన్న బోరు, తక్కువ బరువు. ఆయన వెనక రెండో తుపాకీ పట్టుకునేవాడు ఉండడు. రోజంతా కొండలెక్కి దిగేవాడికి తేలిక తుపాకీ అవసరం. ఏనుగు మోస్తుంటే బరువుతో పనేముంది? తుపాకీ చూస్తే దాని వెనకున్న మనిషి ఎలా వేటాడతాడో తెలిసిపోతుంది.

విజ్జీ మూడు వందలకు పైగా పులుల్ని కొట్టానని చెప్పుకునేవారు. ఆ నంబర్ గురించి తర్వాత మాట్లాడదాం. ముందు క్రికెట్.

1926లో కాశీ ప్యాలెస్ ఆవరణలో సొంత గ్రౌండ్ వేయించారు, సొంత టీమ్ పెట్టారు. 1930లో శాసనోల్లంఘన ఉద్యమం వల్ల ఎంసీసీ ఇండియా టూర్ రద్దు చేసుకుంది. అయితే ఏంటి, నేనే తెప్పిస్తానన్నట్టు విజ్జీ ఏకంగా జాక్ హాబ్స్‌ని, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌ని పిలిపించి ఇండియా, సిలోన్ అంతా తిప్పారు. ఇవాళ్టి లెక్కలో చెప్పాలంటే ఒక్కడు సొంత డబ్బుతో మినీ ఐపీఎల్ నడిపినట్టు. తర్వాత వెస్టిండీస్ స్టార్ లీరీ కాన్‌స్టంటైన్‌ని కూడా రప్పించారు. ఇంకా స్కూల్లో చదువుకుంటున్న ముస్తాక్ అలీలో టాలెంట్ చూసి కాశీకి తెచ్చి ట్రైనింగ్ ఇప్పించారు. ఈ కుర్రాడే తర్వాత విదేశంలో టెస్ట్ సెంచరీ కొట్టిన మొదటి భారతీయుడు. ఏర్పాట్లు చేయడంలో విజ్జీని మించినవాడు అప్పటి ఇండియాలో చాలా తక్కువ.

అక్కడితో ఆగి ఉంటే ఈరోజు ఆయన పేరు చెప్పుకుని మనం కాలర్ ఎగరేసేవాళ్లం. ఆగలేదు. పలుకుబడి అంతా ఉపయోగించి 1936 ఇంగ్లండ్ టూర్‌కి కెప్టెన్ అయ్యారు. ఆ టీమ్‌లో తెలుగు మూలాలున్న ఇంకో ఇద్దరు ఉన్నారు: సీకే నాయుడు, కోటా రామస్వామి. నాయుడు అప్పటికే ఇండియా మొదటి టెస్ట్ కెప్టెన్. అంటే అసలైన లీడర్ టీమ్‌లో ఉండగా మన రాజుగారు కెప్టెన్. ముప్పై ఆరు పెట్టెల సామానుతో, ఇద్దరు పనివాళ్లతో ఓడ ఎక్కారని చెబుతారు.

తర్వాత జరిగింది తెలిసిందే. అప్పటికే టెస్టుల్లో ఇండియా తొలి సెంచరీ కొట్టిన లాలా అమర్‌నాథ్‌ని మొదటి టెస్టుకి ముందే ఇంటికి పంపేశారు. టీమ్ రెండు ముక్కలైంది. మాంచెస్టర్‌లో విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ ఓపెనింగ్‌కి 203 కొట్టారు. అదే మ్యాచ్‌లో, నలభై ఏళ్ల వయసులో తొలి టెస్టు ఆడిన రామస్వామి 40, 60 చేశారు. మర్చంట్‌ని రనౌట్ చేయించమని ముస్తాక్‌కి బంగారు వాచీ ఆశ చూపారన్న కథ కూడా ఈ టూర్‌దే. మూడు టెస్టుల సిరీస్ 0-2తో పోయింది. విజ్జీ ఆరు ఇన్నింగ్స్‌లో చేసిన పరుగులు 33. యావరేజ్ 8.25. ఆ టూర్ మధ్యలోనే బ్రిటిష్ ప్రభుత్వం ‘సర్’ బిరుదు ఇచ్చింది. తిరిగొచ్చాక వేసిన విచారణ కమిటీ ఆయన కెప్టెన్సీనే తప్పుపట్టింది, అమర్‌నాథ్‌ది తప్పు లేదంది.

నాకు ఇక్కడే తుపాకీ గుర్తొస్తుంది. అడవిలో పులిని తోలుకొచ్చి ముందు నిలబెట్టేవాళ్లు ఉన్నారు. కాశీ గ్రౌండ్‌లో రాజుగారికి ఏ బౌలర్ బౌన్సర్ వేస్తాడు? లార్డ్స్‌లో మాత్రం డప్పులు కొట్టేవాళ్లు లేరు. 22 గజాల అవతల బౌలర్, ఇవతల ఆయన ఒక్కరే.

మా ఎన్‌సీసీ క్యాంపులో పాయింట్ 22 రైఫిల్‌తో 25 మీటర్ల ఫైరింగ్ చేయించినప్పుడు నాకు ఈ సంగతి ఒంటికి తెలిసింది. నేల మీద బోర్లా పడుకుని, మడమ భుజానికి ఆనించి, చెంప స్టాక్‌కి పెట్టి, ఊపిరి బిగబట్టి అయిదు రౌండ్లు. చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనితేనే అయిదు చిల్లులూ దగ్గర దగ్గరగా పడతాయి. సరదాకి షూటింగ్ నేర్చుకోవాలనుకునే ఫ్రెండ్స్ గేమ్‌లో చూసి ఫోల్డింగ్ స్టాకే కావాలంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో మడత స్టాక్ ఉన్న ఎం1ఏ1 కార్బైన్ చేసింది విమానం నుంచి దూకే సైనికుడి కోసం. అతనికి చోటు ముఖ్యం. టార్గెట్ కొట్టేవాడికి కదలని స్టాక్ ముఖ్యం. మడత దగ్గర కొంచెం లూజ్ ఉన్నా, చెంపకి సన్నటి కడ్డీ తప్ప ఆధారం లేకపోయినా, గురి మారిపోతుంది. బ్యాగులో పట్టాలంటే మడిచేదానికంటే రెండు ముక్కలుగా విడదీసేది మేలు. బ్రౌనింగ్ వాళ్లు 1914లోనే అలాంటి పాయింట్ 22 తెచ్చారు. మన దగ్గరైతే ఏ పాయింట్ 22కైనా లైసెన్సు కావాలి. మొదలుపెట్టేవాడికి 2016 ఆయుధాల నిబంధనల్లో లైసెన్సు అక్కర్లేని పాయింట్ 177 ఎయిర్ రైఫిల్, అదీ 20 జౌళ్ల లోపుది, చాలు. చేతి పొడుగుకి సరిపోయే స్టాక్ ఉంటే ఇంకా మంచిది. పొట్టిదా, మడిచేదా అన్నది తర్వాతి మాట.

మళ్లీ విజ్జీ దగ్గరకి. 1936 తర్వాత ఆయన కథ అయిపోలేదు, నాకు నచ్చే భాగం అదే. 1947 జులైలో ‘సర్’ బిరుదు తిరిగిచ్చేశారు. 1954లో బీసీసీఐ అధ్యక్షుడు అయ్యారు. ఒకప్పుడు తను పక్కన పెట్టిన సీకే నాయుడినే పిలిచి, అరవై దాటిన వయసులో ఉత్తరప్రదేశ్ రంజీ టీమ్‌కి కెప్టెన్ చేశారు. 1958లో పద్మభూషణ్. 1962లో మన విశాఖపట్నం నుంచే లోక్‌సభకి గెలిచారు. రేడియో కామెంటరీ చెప్పేవారు, మధ్యలో వేట కథలు కూడా. రోహన్ కన్హాయ్ పేరు మీద ఒక జోక్ తిరుగుతుంది: పులుల్ని తుపాకీతో కాదు, అడవిలో రేడియో పెట్టి ఆయన కామెంటరీ వినిపించి చంపారేమో అనుకున్నాడట. 1965 డిసెంబర్ 2న కాశీలో పోయారు.

ఇప్పుడు ఆ మూడు వందల సంగతి. ఆయన పోయిన ఏడేళ్లకి, 1972లో దేశమంతా పులుల్ని లెక్కపెడితే 1,827 తేలాయి. ఒక్క మనిషి తన ఖాతాలో వేసుకున్న సంఖ్య అందులో దాదాపు ఆరో వంతు. ఆ ఏడాదే వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, మరుసటి ఏడాది ప్రాజెక్ట్ టైగర్. 2022లో కాకినాడ వైపు నుంచి ఒక పులి అనకాపల్లి దాటి మన విజయనగరం జిల్లాలోకి వచ్చింది. అప్పుడు మా వాట్సాప్ గ్రూపులన్నీ దాని అడుగుజాడల ఫొటోలే. ఆవుల్ని కొట్టింది, ఊళ్లు భయపడ్డాయి. అయినా అటవీశాఖ వాళ్లు కెమెరాలు, బోనులు పెట్టారు తప్ప ఎవరూ డబుల్ రైఫిల్ తీయలేదు. గజపతుల పేరు మీదున్న గజపతినగరం వైపు పులి తిరుగుతుంటే జిల్లా అంతా అది బతికి బయటపడాలని కోరుకోవడం, విజ్జీ కాలంలో ఎవరూ ఊహించి ఉండరు.

స్టేడియానికి ఆయన పేరు ఉండాలా అని సీనియర్ ఒకరు నన్నడిగారు. ఉండాలనే నేనంటాను. హాబ్స్‌ని తెచ్చినందుకు, ముస్తాక్‌ని కనిపెట్టినందుకు, నాయుడిని మళ్లీ పిలిచినందుకు. పులుల లెక్కని మాత్రం గొప్పగా చెప్పుకోవద్దు. ఆటలో గానీ షూటింగ్‌లో గానీ వేరేవాళ్లు మన కోసం చేసిపెట్టగలిగేదంతా ఆయన దగ్గర ఉంది. మనమే చేసుకోవాల్సిన ఆ కాస్త దగ్గర మిగిలింది 33 పరుగులు.