కాటన్ దొరగారి పెరటి మడి

ఈ వారం వీడియోలో టైం సరిపోక చెప్పలేకపోయిన ఒక జీవితం గురించి ఇక్కడ రాస్తున్నాను.

మాది నాతవరం. సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. పోయినేడాది ప్రాజెక్టు ఆగిపోయి ఉద్యోగం పోయింది. ఇంటికొచ్చేసి, ఊరికే కూర్చోలేక పెరట్లో వంగ, బెండ, ఆనప పాదు పెట్టాను. రోజూ నీళ్ళు పోశాను, ప్రార్థన చేసుకున్నాను. మొక్కలు జానెడు పెరిగి పసుపెక్కిపోయాయి. నా బతుకూ ఇంతేనా ప్రభువా అనిపించింది. ఆ రోజుల్లోనే సర్ ఆర్థర్ కాటన్ గారి జీవితం చదివాను.

ఆయన 1803 మే 15న ఇంగ్లండులో పుట్టారు. పద్దెనిమిదేళ్ళకే, 1821లో, మద్రాసు ఇంజనీర్లలో పని చేయడానికి మన దేశం వచ్చారు. యౌవనంలోనే క్రీస్తును గట్టిగా నమ్ముకున్నారు. ఒంట్లో ఆరోగ్యం మాత్రం ఎప్పుడూ అంతంతమాత్రమే.

కావేరి మీద పనిచేసేటప్పుడు చోళుల కాలం నాటి కల్లణై ఆనకట్టను ఆయన శ్రద్ధగా చూశారు. లోతైన ఇసుకలో కూడా రాళ్ళు పేర్చి నదిని నిలపవచ్చని ఆ పాతకాలం పనివాళ్ళ దగ్గర నేర్చుకున్నారు. ఆ మాట దాచుకోలేదు, ఆ ఘనత వాళ్ళకే ఇచ్చారు.

తర్వాత గోదావరి. 1833 నాటి డొక్కల కరువు, 1839 తుఫాను ఈ తీరాన్ని చిదిమేశాయి. పక్కనే నది నిండుగా పారి సముద్రంలో కలిసిపోతుంటే జనం ఆకలితో చచ్చిపోయారు. కాటన్ గారు 1845లో రిపోర్టు ఇచ్చారు. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలై 1852కి పూర్తయింది. మధ్యలో జబ్బు చేసి సెలవు మీద వెళ్ళాల్సి వచ్చినా పని ఆగలేదు. కూలీలను కూడగట్టడంలో వీణం వీరన్న గారు కుడిభుజంగా నిలిచారు.

ఇసుక మీద ఇల్లు కట్టినవాడి ఉపమానం మనందరికీ తెలుసు. మరి ఈయన ఇసుక మీదే కట్టారు కదా అని నాకూ సందేహం వచ్చింది. ఆ ఉపమానం మళ్ళీ చదివితే అర్థమైంది. అక్కడ అసలు సంగతి మాట విని ఊరుకోవడమా, విని చేయడమా అన్నదే. కాటన్ గారు చేశారు.

1861లో సర్ బిరుదు వచ్చింది. కానీ దేశమంతా కాలువలు తవ్వాలన్న ఆయన వాదనను, రైళ్ళే ముద్దనుకున్న పెద్దలు ఒప్పుకోలేదు. 1878లో పార్లమెంటు కమిటీ ముందు కూడా ఆయన మాట నెగ్గలేదు. వయసు డెబ్బై అయిదు. ఇంకొకరైతే అలిగి మూల కూర్చునేవారు.

ఆయన డార్కింగ్ ఊళ్ళో తన ఇంటి తోటలోకి దిగారు. చిన్న మడిలో నేలను బాగా లోతుగా తవ్వించి, అడుగు మట్టికి గాలి తగిలేలా చేసి గోధుమలు వేసి చూశారు. వేరు లోతుకు పోతే కొంచెం నేలలోనే ఎక్కువ పండుతుందని ఆయన నమ్మకం. నది మీద మూడున్నర కిలోమీటర్ల ఆనకట్ట కట్టిన మనిషి, ముసలితనంలో పెరటి మడి దగ్గర కూడా అంతే శ్రద్ధగా నిలబడ్డారు. 1899 జూలై 24న, తొంభై ఆరేళ్ళ వయసులో, అక్కడే ప్రభువులో నిద్రించారు.

ఇది చదివాక గునపం పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. జానెడు లోతులోనే టంగుమంది. ఇల్లు కట్టినప్పుడు పోసిన గ్రావెల్, సిమెంటు పెళ్ళలు! వేళ్ళకి దారే లేదు. నేను పైపైన నీళ్ళు పోస్తూ దేవుణ్ణి నిందిస్తున్నాను. నాలుగు రోజులు తవ్వి పెళ్ళలన్నీ ఏరి, మోకాలి లోతున గెత్తం కలిపి మళ్ళీ వేశాను.

ఇప్పుడు వంకాయలు కాస్తున్నాయి. ఉద్యోగం ఇంకా రాలేదు. కానీ నా ప్రార్థన మారింది. ఫలం ఇమ్మని అడిగే ముందు, నా లోపల గట్టిపడిన పొరను చూపించమని అడుగుతున్నాను.

మా మండలంలోని తాండవ రిజర్వాయరు కాలువ దాటిన ప్రతిసారీ ఆ పెద్దాయన గుర్తొస్తారు. మీ పని పెద్దదైనా చిన్నదైనా లోతుగా చేయండి. ప్రభువు మీ మొక్కలనూ, మీ ఇంటినీ దీవించును గాక. ఆమెన్.