నాటకశాల షావుకారు ఫిలిప్ హెన్‌స్లో

ఉగాదినాడు పంచాంగశ్రవణంలో ఎవరి రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని చెవులప్పగించి వినే ఆచారాన్ని, మన ఊళ్ళు విడిచి ఎంత దూరం వచ్చినా మనం విడువలేదు. కనుక ఈ పండుగ సంచికలో ఒక ఆదాయవ్యయాల పుస్తకాన్ని గురించీ, దానిని వ్రాసిన మనిషిని గురించీ చెప్పుకొనడం అసందర్భం కాదనుకొంటాము. ఆ మనిషి లండనువాడు, పేరు ఫిలిప్ హెన్‌స్లో. అతడు కవి కాడు, నటుడూ కాడు. వడ్డీ వ్యాపారి, నాటకశాల యజమాని. అయినా షేక్స్పియరు కాలపు రంగస్థలాన్ని గురించి ఈనాడు లోకానికి తెలిసినదానిలో పెద్దపాలు ఇతని చిట్టానుండి వచ్చినదే.

బళ్ళారిలో ధర్మవరం కృష్ణమాచార్యులవారి సరసవినోదినీ సభ నడిచిన రోజులనుండి మన తెలుగువారికి నాటకమంటే పిచ్చి. అయితే నాటకమనగానే మనకు మొదట నటుడు గుర్తుకు వస్తాడు, తరువాత కవి. తెరవెనుక పెట్టె ముందు కూర్చొని పద్దులు వ్రాసినవాడు ఎవరికీ గుర్తురాడు. హెన్‌స్లో విషయంలో ఈ వరుస తలక్రిందులైనది.

ఇతడు ఇంగ్లండు దక్షిణ భాగాన ససెక్సు సీమలో లిండ్‌ఫీల్డు అనే ఊరివాడు. తండ్రి ఎడ్మండు ఆష్‌డౌన్ అడవిలో వేట వ్యవహారాలు చూసే అధికారి. ఫిలిప్ యౌవనంలోనే లండను చేరి, థేమ్సు నదికి దక్షిణపు గట్టున సదర్కు పేటలో, హెన్రీ వుడ్‌వర్డు అనే అద్దకం వ్యాపారివద్ద కొలువు కుదిరినాడు. యజమాని 1578 డిసెంబరులో మరణించినాడు. కొద్ది నెలలకే, 1579 ఫిబ్రవరిలో, అతని వితంతువు ఆగ్నెస్‌ను ఫిలిప్ పెండ్లాడినాడు. ఆమెకు అప్పటికే ఇద్దరు ఆడపిల్లలు, జోన్, ఎలిజబెత్. వ్యాపారానికి మూలధనం ఈ పెండ్లితోనే చేతికి వచ్చినదని చాలామంది అంటారు. డబ్బు ఎక్కడిదైనా, దానిని ఊరకే ఉంచే మనిషి కాడు. అద్దకం, గంజిపిండి తయారీ, మేకతోళ్ళు, ఇండ్ల అద్దెలు, తాకట్టు వ్యాపారం, అన్నింటిలోనూ చేయి పెట్టినాడు.

సదర్కు పేట లండను నగరపాలకుల గట్టి అదుపులో లేని చోటు. నగర పెద్దలకు నాటకాలంటే గిట్టదు. జనం గుమిగూడితే అల్లరి, అంటువ్యాధి, పనివాళ్ళు పనులు ఎగవేయడం; ఇవి వారి ఫిర్యాదులు. అందుచేత నాటకశాలలు ఊరిబయటనే వెలిసినవి. హెన్‌స్లో 1585లో అక్కడ లిటిల్ రోజ్ అనే స్థలాన్ని కౌలుకు తీసుకొని, 1587లో జాన్ చోమ్లీ అనే పచారీ వ్యాపారితో పొత్తు కలిసి రోజ్ నాటకశాల కట్టించినాడు. పొత్తు పత్రంలో నాటకాల లాభంలో ఇద్దరికీ సగపాలు. అంతేకాక, అక్కడ తిండి పదార్థాలు అమ్ముకొనే హక్కు చోమ్లీకి. సినిమాహాలు పక్కన సోడాకొట్టు పెట్టే తెలివి ఈనాటిది కాదన్నమాట!

ఇక ఆ పుస్తకం సంగతి. అది మొదట హెన్‌స్లోది కాదు. అతని అన్నదమ్ముడు జాన్ 1576 నుండి 1581 వరకు ఆష్‌డౌన్ అడవిలో ఇనుము తీసే పని లెక్కలు అందులో వ్రాసుకొన్నాడు. మిగిలిన తెల్లకాగితాలు వృథా పోవడం ఇష్టంలేక కాబోలు, ఫిలిప్ ఆ పుస్తకాన్ని తలక్రిందులుగా త్రిప్పి, రెండవ కొసనుండి తన లెక్కలు వ్రాయసాగినాడు. నాటకాల పద్దులు 1592 ఫిబ్రవరి 19వ తేదీతో మొదలవుతవి. అయితే పుస్తకంలో చూస్తే 1591 అని ఉంటుంది. ఆ కాలపు ఇంగ్లండులో సంవత్సరాది జనవరిలో కాదు, మార్చి 25న. అంటే సుమారు మన ఉగాది రోజుల్లోనే వారికీ కొత్త సంవత్సరం! ఆ తేదీలు సరిచూసుకొనలేక తికమకపడిన పండితులు లేకపోలేదు.

పద్దు చాలా పొట్టిది. నాటకం పేరు, తేదీ, తన వంతుకు వచ్చిన సొమ్ము, అంతే. నేల జనం ఒక పెన్నీ ఇచ్చి నిలబడి చూసేవారు. మేడ వరుసలలో కూర్చొనేవారు ఇంకొక పెన్నీ ఇవ్వాలి. ఆ మేడ వరుసల వసూలులో సగం యజమానిది, మిగతాదంతా మేళానిది. 1592 మార్చి 3న ఆరవ హెన్రీ నాటకానికి హెన్‌స్లో వంతు 3 పౌనులు 16 షిల్లింగులు 8 పెన్నీలు. ఆ రోజుల్లో అది గొప్ప వసూలు. అది షేక్స్పియరు చేయిపడిన నాటకమేనని పండితుల నమ్మకం. 1594 జనవరిలో టైటస్ ఆండ్రోనికస్ పద్దు కూడా ఉన్నది. అయితే చిత్రమేమంటే, ఇంత పుస్తకంలోనూ షేక్స్పియరు పేరు ఒక్కచోటనైనా లేదు. వెనీసు వర్తకుణ్ణి వీరేశలింగంగారి తెలుగులో చదువుకొన్న మనకు, ఆయన తన తోటివారిలో ఎంత మామూలు మనిషిగా మెలగినాడో ఈ మౌనం చెప్పినంతగా మరేదీ చెప్పదు.

రోజ్‌లో మారుమ్రోగిన పేరు షేక్స్పియరుది కాదు, మార్లోది. ఫౌస్టస్, తైమూరు, మాల్టా యూదుడు, ఈ వేషాలన్నీ ఎడ్వర్డ్ ఆలెన్ అనే మహానటుడు కట్టినవే. ఆలెన్ 1592 అక్టోబరు 22న హెన్‌స్లో పెంచిన పిల్ల జోన్‌ను పెండ్లాడినాడు. అక్కడినుండి మామా అల్లుళ్ళు వ్యాపారంలో ఒకటైపోయినారు. సొంత బిడ్డలు లేని హెన్‌స్లోకు ఆలెనే కొడుకు.

మరుసటి ఏడు, 1593లో, లండనులో ప్లేగు. పదివేలకు పైగా జనం చనిపోయినారు. నాటకశాలలు మూతపడినవి. ఆలెన్ మేళంతో ఊళ్ళు పట్టుకొని తిరుగుతున్నాడు. అప్పుడతడు బ్రిస్టలునుండి భార్యకు వ్రాసిన ఉత్తరం మామగారి కాగితాలతోపాటు నేటికీ భద్రంగా ఉన్నది. ఇల్లు శుభ్రంగా ఉంచుకొమ్మంటాడు, వాకిట్లో నీళ్ళు చల్లమంటాడు, కిటికీలలో సదాపాకు పెట్టమంటాడు. నారింజరంగు మేజోళ్ళకు శీతకాలానికి నల్లరంగు వేయించమంటాడు. కొత్తిమీర వంటి ఆకుకూర వేసిన మడిలో సెప్టెంబరులో పాలకూర చల్లమని కూడా మరచిపోకుండా చెప్తాడు. వేషం కడితే లండను నగరాన్ని గడగడలాడించే మనిషి! పొట్టకూటికై ఇల్లు విడిచిన మనవారెవరైనా ఈ ఉత్తరం చదివితే, తాము వ్రాసినదేనేమో అని ఒక క్షణం అనుమానపడతారు. హెన్‌స్లో కూడా అల్లుడికి ఇంటి క్షేమసమాచారాలు వ్రాస్తూ వచ్చినాడు. అదే సమయంలో, వసూళ్ళు లేక తాకట్టు వ్యాపారం పెంచినాడన్నది కూడా చిట్టాయే చెప్తున్నది. పేదల గౌనులు, అంగీలు, దుప్పట్లు, వాటిపై ఇచ్చిన చిల్లర అప్పులు, పేజీల కొద్దీ ఉన్నవి.

1594నుండి ఆడ్మిరల్ ప్రభువు మేళం రోజ్‌లో స్థిరపడినది. ఆనాటి శ్రమ చూస్తే మనకు కళ్ళు తిరుగుతవి. ఒకే నాటకాన్ని నెలలకొద్దీ ఆడడం వారెరుగరు. ప్రతిదినం ఒక నాటకం, నేటిది రేపు కాదు. 1594-95లో వారు ఆడినవి 38 నాటకాలు. అందులో 21 కొత్తవి. ఇన్ని నాటకాలు ఎవరు వ్రాయాలి? ఇక్కడే హెన్‌స్లో ఖజానా కావలసివచ్చినది. 1597నుండి అతడు మేళానికి అప్పులిస్తూ, వారి తరపున కవులకు డబ్బు చెల్లించినాడు. నాటకానికి సామాన్యంగా 6 పౌనులు. డెక్కరు, చెటిలు, మండే, డ్రేటను, హేవుడ్, బెన్ జాన్సను, కుర్రవాళ్ళైన మిడిల్టను, వెబ్‌స్టరు, అందరూ అతని పుస్తకంలో పేర్లు కనబడేవారే. ఇద్దరు ముగ్గురు కూడి అంకాలు పంచుకొని వ్రాసేవారు. కొంత బయానా, అంకం అందగానే మరికొంత, ముగిసినాక మిగతాది. డెక్కరు అప్పులపాలై చెరసాలలో పడితే 1598 ఫిబ్రవరిలో అతనిని విడిపించడానికి 40 షిల్లింగులు ఇచ్చినది హెన్‌స్లోయే. అది దయా, చెరలో ఉన్న కవి నాటకం వ్రాయడన్న లెక్కా? పద్దులో కారణం వ్రాయడుగదా.

బెన్ జాన్సను కథ మరీ విచిత్రం. 1598 సెప్టెంబరులో అతడు ద్వంద్వయుద్ధంలో గేబ్రియల్ స్పెన్సరు అనే నటుణ్ణి చంపినాడు. స్పెన్సరు హెన్‌స్లో మేళంవాడు. ఇటుకల పనివాడొకడు మనవాణ్ణి చంపినాడని హెన్‌స్లో అల్లుడికి దుఃఖంతో వ్రాసినాడు. జాన్సను సవతి తండ్రిది తాపీపని. ఆ ఎత్తిపొడుపు అందుకు. అయినా మూడేండ్లు తిరిగేసరికి అదే జాన్సనుకు, పాత నాటకానికి కొత్త భాగాలు చేర్చినందుకు, హెన్‌స్లో చేతులమీదుగానే సొమ్ము ముట్టినది.

మేళంవారి సామాను జాబితా ఒకటి, 1598 మార్చిలో వ్రాసినది, చదవడానికి నాటకంకంటె సరదాగా ఉంటుంది. ఒక నరకద్వారం, ఒక కొండ, ఒక సమాధి, రోము నగరం, ఫౌస్టస్ నాటకపు డ్రాగను, బంగారు ఆపిల్ పండ్ల చెట్టు. వీటికితోడు అదృశ్యంగా తిరగడానికి వేసుకొనే అంగీ! ఆ అంగీ వేసుకొన్నవాడు కనబడడం లేదని ప్రేక్షకులందరూ ఒప్పుకొనేవారన్నమాట. యక్షగానంలో ఒక్క తెరగుడ్డతో వైకుంఠాన్ని చూసిన జాతి మనది, మనకిది వింత కాదు. దుస్తుల ఖర్చు మాత్రం ఊహకు మించినది. 1603లో హేవుడ్ వ్రాసిన ఒక నాటకంలో కథానాయిక వేషానికి నల్లని వెల్వెట్ గౌను కుట్టించినారు. గౌనుకు 6 పౌనుల 13 షిల్లింగులు. ఆ నాటకం వ్రాసిన హేవుడ్‌కు 6 పౌనులు. మన సమాజాలలో పండుగ నాటకానికి డ్రెస్సుల అద్దె కట్టినవారెవరూ ఇందుకు ఆశ్చర్యపడరు.

1599లో రోజ్‌కు కూతవేటు దూరంలో షేక్స్పియరు మేళంవారు గ్లోబు నాటకశాల లేపినారు. రోజ్ అప్పటికే పాతబడినది. మామా అల్లుళ్ళు పోటీపడి కూర్చోలేదు. నది దాటి నగరానికి ఉత్తరాన స్థలం చూసుకొన్నారు. 1600 జనవరి 8న పీటరు స్ట్రీటు అనే వడ్రంగి మేస్త్రితో 440 పౌనులకు ఒప్పందం చేసుకొన్నారు. గ్లోబు కట్టినదీ ఈ మేస్త్రియే. కొత్త శాల పేరు ఫార్చ్యూన్. నలుచదరం, బయట 80 అడుగులు, లోపల 55; వేదిక 43 అడుగుల వెడల్పు; మూడంతస్తులు, 12, 11, 9 అడుగుల ఎత్తున. ఇంత వివరంగా వ్రాసి, మిగిలినదంతా గ్లోబులో ఉన్నట్లే కట్టవలెనని ముగించినారు. గ్లోబు ఎట్లా ఉండినదో తెలిసినవారందరూ చనిపోయినారు. ఆ కాగితానికి జతచేసిన పటము పోయినది! స్వాన్ అనే మరొక శాల లోపలిభాగాన్ని 1596 ప్రాంతాన ఒక డచ్చి యాత్రికుడు గీసిన బొమ్మ, దానికి మిత్రుడు తీసిన నకలు రూపంలో, 1888లో ఉట్రెక్టులో బయటపడినది. ఆ బొమ్మ, హెన్‌స్లో ఒప్పందాలు, ఇవే పండితులకు ముఖ్యమైన ఆధారాలు.

వయసు మీరినకొద్దీ హెన్‌స్లోకు హోదాలు పెరిగినవి. రాజుగారి అంతఃపుర కొలువులో పదవి, చర్చి పెద్దరికం, 1604లో ఆలెనుతో కలిసి రాజుగారి ఎలుగుబంట్ల పందేల అధికారం. ఎలుగును కట్టివేసి కుక్కలను ఉసికొల్పే ఆ వినోదం నాటకానికి ఏమాత్రం తీసిపోని రాబడి. 1613 జూనులో గ్లోబు తగలబడినది. రెండు నెలలకే హెన్‌స్లో హోప్ నాటకశాలకు ఒప్పందం వ్రాయించినాడు. నాటకం రోజున వేదిక వేయడం, పందెం రోజున తీసివేయడం, అదీ ఏర్పాటు. జాన్సను బార్తొలొమ్యూ తిరునాళ్ళ నాటకాన్ని 1614 అక్టోబరు 31న అక్కడనే ఆడినారు. ఆ చోటి కంపుమీద జాన్సను నాటకంలోనే విసుర్లు విసిరినాడు.

1615లో అక్కడి నటులు అతనిమీద నేరాల పట్టిక వ్రాసినారు. మూడేండ్లలో ఐదు మేళాలను విడగొట్టినాడనీ, తమ డబ్బుతో కొన్న దుస్తులు తన పేర పెట్టుకొన్నాడనీ, అప్పు తీరితే నటులు చేయిదాటిపోతారని తానే అన్నాడనీ వారి మొర. ఇది ఒకవైపు మాటే అయినా, కొట్టివేయదగినది కాదు. 1597-98లో నటులచేత వేరేచోట ఆడబోమని పూచీలు వ్రాయించుకొన్నది అతని పుస్తకంలోనే ఉన్నది. 19వ శతాబ్దపు పండితుడు ఫ్లే ఇతణ్ణి చదువురాని వడ్డీలోభిగా చిత్రించి వదలినాడు. ఆ మొదటిమాట మాత్రం అన్యాయం. స్పెల్లింగు అనేదే కుదురుకొనని కాలమది. మన తాతల గొలుసుకట్టు చిట్టాలలో అక్షరదోషాలు లెక్కించి వారిని నిరక్షరాస్యులంటామా? తరువాతి పండితులు ఇతడు మేళాలకు బ్యాంకువంటివాడని చూపినారు. మా దృష్టిలో రెండూ నిజమే. అప్పు లేకపోతే ఆ నాటకాలు పుట్టవు. ఆ అప్పు నటుల మెడకు ఉరి కాకపోనూ లేదు.

హెన్‌స్లో 1616 జనవరి 6న మరణించినాడు. షేక్స్పియరు మరణానికి మూడు నెలల ముందు. సదర్కు చర్చిలోనే సమాధి చేసినారు. మరుసటి ఏడు ఆగ్నెస్ కూడా పోగా కాగితాలు ఆలెన్ చేతికి వచ్చినవి. అతడు 1619లో డల్విచ్‌లో నెలకొల్పిన విద్యాలయంలో అవి చేరినవి. దాదాపు 170 ఏండ్లు వాటి ఊసెత్తినవాడు లేడు. చివరికి మలోన్ అనే పండితుడు చూసి 1790లో కొన్ని భాగాలు అచ్చువేసినాడు. పుస్తకం ఆయన ఇంటనే ఉండిపోయి, ఆయన 1812లో మరణించిన తరువాత గాని తిరిగి రాలేదు. ఆయన అచ్చువేసిన సామాను జాబితా అసలు ప్రతి మాత్రం మరి కనబడలేదు. సంతకాలకోసం కాగితం ముక్కలు కత్తిరించుకుపోయినవారు కొందరు. అంతకంటె ఘోరం, 1845లో పుస్తకమంతా అచ్చువేసిన కాలియర్ అనే పండితుడు అందులో దొంగ పద్దులు చేర్చినాడు. 1881లో వార్నరు ఆ కూటాలు బయటపెట్టినాడు. 1904లో గ్రెగ్, 1961లో ఫోక్స్, రికర్టు శుద్ధ ప్రతులు వెలువరించినారు.

1592లో రోజ్ మరమ్మతులకు హెన్‌స్లో సుమారు 105 పౌనులు ఖర్చు వ్రాసినాడు. సున్నం, ఇటుకలు, కలప, మేకులు, కూలి. ఇంత సొమ్ము దేనికైనదో చాలాకాలం ఊహే. 1989లో సదర్కులో పాత కట్టడం తీసివేసి పెద్ద ఆఫీసు భవనం లేపబోతుండగా, నేలలో రోజ్ పునాదులు బయటపడినవి. నటులు, జనం వీధిలో నిలిచి కాపాడుకొన్నారు. పునాదులలో పదునాలుగు మూలల కట్టడం ఆనవాలు, ప్రేక్షకుల కాలిక్రింద నలిగిన నేల కనిపించినవి. వేదిక ఉన్నవైపు గోడ రెండు పొరలుగా ఉన్నది. పాతది ఒకటి, దానికి ఆరేడు అడుగులు వెనుకగా కొత్తది. వేదికను వెనక్కు జరిపి, ముందు నిలబడే జనానికి చోటు పెంచినాడు హెన్‌స్లో.